ఖాళీగా కూర్చునే కేబుల్

"మీరు లేకపోతే ఇది ఆగిపోతుందా?"

ఈ ప్రశ్న వేసింది వేదవతి, విశ్వవిద్యాలయంలో అకౌంట్స్ ఆఫీసరు. వేయించుకున్నది పద్మశ్రీ, అదే క్యాంపస్ కంప్యూటర్ సెంటర్‌లో సర్వర్లు చూసే కాంట్రాక్టు ఉద్యోగి. కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని తేల్చే సమావేశం అది. ఆగిపోతుంది అంటే, ఒక్క మనిషి మీద ఇంత ఆధారపడటం సంస్థకు మంచిది కాదని ఫైలు మీద రాస్తారు. ఆగదు అంటే, మరి ఈ జీతం దేనికని రాస్తారు. ఎటు తిప్పి చెప్పినా రాసుకోవడానికి వీలున్న ప్రశ్న.

పద్మశ్రీ ఆలోచించకుండా జవాబు చెప్పింది. ఆలోచించి ఉంటే ఇంకా పాడుచేసేది.

"ఇప్పటికైతే ఆగిపోతది మేడం. వచ్చే దసరా కల్లా ఆగకుండ చేస్త."

"అప్పుడు మీరెందుకు?"

"అది దసరా అయినంక మాట్లాడుకుందాం మేడం."

వేదవతి నవ్వలేదు. కానీ ఫైలు కూడా మూయలేదు. ప్రతి ఏడూ సంవత్సరానికి రాసే పొడిగింపును ఈసారి దసరా సెలవులు ముగిసేదాకా అని రాసింది. అంటే ఆ పండగకి సర్వర్ ఆగితే పద్మశ్రీ ఉద్యోగమూ అక్కడితో ఆగుతుంది.

ఇలాంటివాళ్ళ గురించి రాయడానికి కూర్చుంటే ఓర్పు, అంకితభావం, నిశ్శబ్ద సేవ లాంటి మాటలు పిలవకుండానే వచ్చి వరసలో నిలబడతాయి. పద్మశ్రీకి అవేవీ నప్పవు. ఓర్పు బొత్తిగా లేదు. ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అన్నవాళ్ళని ముందు "కంప్యూటర్ ఆన్ చేసిన్రా?" అని అడుగుతుంది, వాళ్ళు డీన్ అయినా సరే. అంకితభావం సాయంత్రం ఐదున్నరదాకా ఉంటుంది. ఆ తర్వాత సీతాఫల్‌మండి వైపు గేటులోంచి ఇంటికి నడిచి వెళ్ళిపోతుంది. ఎం.సి.ఎ. చదివింది. చదువు అయ్యాక ఇక్కడే చేరింది, ఇక్కడే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలకి ఎందుకు వెళ్ళలేదని చుట్టాలు అడిగితే, ఈ ఉద్యోగానికి నడిచి పోవచ్చు అంటుంది. అదొక కారణం కాదని వాళ్ళనుకుంటారు. గచ్చిబౌలికి రోజూ బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళని అడిగితే తెలుస్తుంది, అది ఎంత పెద్ద కారణమో.

వేదవతి ఆ ప్రశ్న వేయడానికి కారణం అంతకుముందు దసరా.

సర్వర్‌కి నెట్‌వర్క్ కేబుల్ ఒకటే ఉంటే, అది ఊడితే పని ఆగుతుంది. అందుకని రెండు పెడతారు. ఆ రెండింటినీ ఒక జట్టుగా పనిచేయించడాన్ని టీమింగ్ అంటారు. ఎలా జట్టు కట్టాలో చెప్పే పద్ధతులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. అప్పట్లో పద్మశ్రీ ఎంచుకున్నది అన్నిటికంటే మొండిది. రెండు కేబుళ్ళనీ ఒకే స్విచ్‌లో గుచ్చి, స్విచ్‌కి చేత్తో చెప్పి పెట్టాలి: చివరి రెండు పోర్టులూ ఒకే సర్వర్‌వి, వచ్చిన డేటా సరుకుని రెంటికీ పంచు, అని. స్విచ్ అంటే ఇక్కడ గోడ మీది మీట కాదు. పోర్టులనే రంధ్రాల్లో వరసలు వరసలుగా కేబుళ్ళు గుచ్చుకునే ఇనప డబ్బా. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఆ పోర్టులో నిజంగా సర్వర్ కేబులే ఉందా అని చూడదు.

ఈ పద్ధతి ఎందుకంటే, వేగం రెట్టింపవుతుందని. సెంటర్ డైరెక్టర్ ప్రొఫెసర్ శశిభూషణ్ ఆ మాట వార్షిక నివేదికలో రాసుకున్నారు. పద్మశ్రీకీ ఆ వాక్యం నచ్చింది. తన పని గురించి నివేదికలో వాక్యం పడటం అదే మొదలు.

ఆ ఏడాదే దసరా సెలవులకు ముందురోజు ఆయుధ పూజ వచ్చింది. సెంటర్ అటెండర్ రాజలింగానికి ఆ రోజు ఏడాది మొత్తానికీ ముఖ్యమైన రోజు. మల్కాజ్‌గిరి నుంచి పొద్దున్నే బంతిపూల సంచితో దిగుతాడు. పూజ అంటే పైపైన పసుపు చల్లడం కాదు ఆయనకి. స్విచ్‌లో ఉన్న కేబుళ్ళన్నీ పీకాలి. పెయింటు బ్రష్‌తో ఒక్కో పోర్టులో దుమ్ము దులపాలి. డబ్బా తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దండ వేసి, కేబుళ్ళు మళ్ళీ గుచ్చాలి. ఇన్నేళ్ళూ అలాగే చేశాడు, ఏమీ కాలేదు. ఎందుకంటే ఇన్నేళ్ళూ ఏ కేబుల్ ఏ పోర్టులో పెట్టినా పనిచేసేది.

ఆ ఏడాది కేబుళ్ళు ఎక్కువయ్యాయి. ఇష్టమొచ్చినట్టు గుచ్చి ఉంటే పూజకి బాగుండదని రాజలింగం వాటిని రంగుల ప్రకారం సర్దాడు. పసుపువన్నీ ఎడమ పక్క, నీలివన్నీ కుడి పక్క. చూడముచ్చటగా ఉంది. సర్వర్ కేబుళ్ళు రెండింటిలో ఒకటి పసుపు, ఒకటి నీలం. స్టోర్‌లో అప్పుడవే దొరికాయి మరి. నీలిది చివరి పోర్టులో పడింది. దాని పక్కన, జట్టులో రెండోది ఉండాల్సిన చోట, ఉద్యోగుల హాజరు తీసుకునే వేలిముద్ర మెషీన్ కేబుల్ వచ్చి కూర్చుంది. అదీ నీలిదే.

స్విచ్‌కి ఇదంతా తెలియదు. చెప్పినట్టే సరుకు రెండుగా పంచి, సగం సర్వర్‌కీ సగం వేలిముద్ర మెషీన్‌కీ పంపింది.

అవి హాల్ టికెట్లు డౌన్‌లోడ్ చేసుకునే రోజులు. సగంమంది విద్యార్థులకి పేజీ తెరుచుకుంటోంది, సగంమందికి లేదు. పూర్తిగా ఆగిపోయి ఉంటే ఎవరైనా నమ్మేవారు. సగం ఆగితే ఎవరూ నమ్మరు. వచ్చినవాళ్ళు రానివాళ్ళకి "నీ ఫోన్ ఖరాబు" అని చెప్పారు. రానివాళ్ళు సెంటర్ ముందు లైను కట్టారు. పద్మశ్రీ ర్యాక్ దగ్గరికి వెళ్ళి చూసింది. కుంకుమ బొట్ల మధ్య పచ్చ లైట్లన్నీ వెలుగుతున్నాయి. లైటు వెలిగితే కేబుల్ బాగున్నట్టేననుకుని, తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉందని దాని వెంటపడింది. సెలవులన్నీ దాని వెంటే పోయాయి.

దారి చూపించింది రాజలింగమే, ఫిర్యాదు చేసి.

"చెల్లే, నా వేలు తీస్కుంటలేదే మెషీన్. పొద్దున్నుంచి పెడుతున్న. నేను డ్యూటీల ఉన్నట్టా లేనట్టా?"

"ఎప్పటి సంది అన్నా?"

"పూజ అయినకాడి నుంచి."

పద్మశ్రీ వేలిముద్ర మెషీన్ కేబుల్ పట్టుకుని వెనక్కి నడిచింది. స్విచ్ దగ్గర అది సర్వర్ రెండో కేబుల్ ఉండాల్సిన పోర్టులో తేలింది.

"హాల్ టికెట్లు సగం నీ మెషీన్‌ల డౌన్‌లోడ్ అయినయన్నా."

"గది నాకెందుకు? నేనేం పరీక్ష రాస్తనా?"

తప్పెవరిదని తర్వాత సెంటర్‌లో చర్చ జరిగింది. ఇకమీదట యంత్రాలకి పూజ చేయరాదని సర్క్యులర్ వేద్దామని ఒకరు, మన సంప్రదాయం మీద చెయ్యి వేస్తారా అని ఇంకొకరు. ఇద్దరికీ పోర్టు అంటే ఏమిటో తెలియదు. పద్మశ్రీ ఆ చర్చలో కూర్చోలేదు. రాజలింగం కేబుళ్ళు పీకుతాడని ఆమెకి ముందే తెలుసు, ఏటా చూస్తూనే ఉంది. పీకి మళ్ళీ గుచ్చితే పనికిరాని పద్ధతిని తెలిసి తెలిసి ఎంచుకుంది, నివేదికలో ఒక వాక్యం కోసం. తప్పు అక్కడుంది. ఆ సంగతి తెలుసు కాబట్టే వేదవతి ముందు తడుముకోకుండా "ఇప్పటికైతే ఆగిపోతది" అంది.

వేసవిలో కొత్త సర్వర్ వచ్చింది. మళ్ళీ అదే ఎంపిక. శశిభూషణ్ గదిలో కూర్చున్నారు ఇద్దరూ. ఆయన మనిషి మంచివాడు, మూర్ఖుడేమీ కాదు. సరఫరాదారు ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని, రెండో పద్ధతి వైపు వేలు పెట్టారు.

"ఇది తీసుకుందామండి పద్మశ్రీ గారూ. ఇందులో సర్వరూ స్విచ్చూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. అవతల ఉన్నది మనదేనా కాదా అని చూసుకుంటాయి. మీ రాజలింగం కేబుల్ మార్చాడనుకోండి, ఠక్కున పట్టేస్తుంది."

"పట్టుకుంటది సార్. పట్టుకొని బంద్ అయితది."

"వేలిముద్ర మెషీన్‌కి పంపడం కంటే నయం కదా."

"నయమే. కానీ లైను కట్టిన పిల్లలకు రెండూ ఒక్కటే."

ఆయన కాసేపు పెన్ను తిప్పారు. "పోనీ, రెండు స్విచ్‌లలోకి చెరొకటి పెట్టి ఇదే పద్ధతి పెడితే?"

"రెండు స్విచ్‌లు కలిసి ఒక్కటే అన్నట్టు ఉంటే కుదురుతది సార్. మనది ఒక కంపెనీ, పక్క గదిల లైబ్రరీ వాళ్ళది ఇంకో కంపెనీ. వాటికి మాట కలవది. పైగా అది వేరే గ్రాంటుల కొన్నది. దాంట్ల సెట్టింగు మార్చాలంటే మూడు కమిటీలు కూర్చోవాలె."

ఇది నిజం. క్యాంపస్‌లో ఒక గ్రాంటుతో కొన్న వస్తువు మీద ఇంకో శాఖ చెయ్యి వేయాలంటే, యంత్రాల మధ్య ఒప్పందం కంటే మనుషుల మధ్య ఒప్పందం కష్టం.

"మరి మీరేమంటారు?"

"మూడోది సార్. స్విచ్‌కు ఏం చెప్పేది లేదు, దానికి మన సంగతే తెల్వదు. సర్వరే చూసుకుంటది. రెండు కేబుళ్ళు, రెండు స్విచ్‌లు. ఒకటి పని చేస్తది, ఇంకోటి ఊకె కూసుంటది. మొదటిది పోతే అది లేస్తది. లైబ్రరోళ్ళను ఒక్క ఖాళీ పోర్టు అడిగితే చాలు, సెట్టింగు జోలికి పోయేది లేదు. మన స్విచ్‌ల అన్ని పోర్టులు ఒక్కతీరు పెడ్తా. రాజలింగం అన్న రంగులు చూసి పెట్టుకున్నా, పేర్లు చూసి పెట్టుకున్నా ఆయనిష్టం."

"అంటే వేగం?"

"ఒక్క కేబుల్‌ది."

"నివేదికలో పోయినేడు రెట్టింపు అని రాశాను. ఈ ఏడు సగమైంది అని రాయాలా?"

"రెట్టింపు ఎన్నడు వాడినం సార్? బయటి నుంచి మనకు వచ్చే లైనే ఒక్క కేబుల్‌కు సరిపోను లేదు."

శశిభూషణ్ కాగితం మడిచారు. "సరే. దసరా మీది. నివేదిక నేను చూసుకుంటాను." 'అంతరాయం లేని సేవ' అని రాశారని తర్వాత తెలిసింది. రెట్టింపు కంటే అది ఆయనకి ఇంకా నచ్చింది.

కేబుళ్ళు స్టోర్‌లో లేవు. తెప్పించాలంటే పూజ దాటిపోతుంది. పద్మశ్రీ క్యాంపస్ పక్కనే ఉన్న తార్నాకలో తనే కొంది. ఒకటి పొట్టిది, ర్యాక్‌లోనే సరిపోయేది. ఇంకోటి పక్క గదిదాకా పోయే పొడుగుది. కొనేముందు రాజలింగానికి ఫోన్ చేసింది.

"అన్నా, ఏ రంగు తేవాలె?"

"ఎర్రది తే. కుంకుమ అంటినా కనవడది."

పండగ దగ్గరపడేకొద్దీ ఇంట్లో ఆమె పరధ్యానం తల్లి ప్రమీలమ్మకి చిరాకు తెప్పించింది. అన్నం ముందు పెట్టుకుని ఫోన్‌లో హాల్ టికెట్ పేజీ చూస్తుంటే అడిగింది.

"ఏందే, ఆ రెండో వైరు ఊకె ఉంటదంటవు, మళ్ళ దాని గురించే రంది పడ్తవు."

"ఊకె ఉంటదనే అమ్మా రంది. పనిచేసేది పోతే తెలుస్తది. ఊకె ఉన్నది పోతే ఎట్ల తెలుస్తది?"

"రెండో సిలిండర్ లెక్క. నేనైతే వారానికొకసారి లేపి చూస్త, బరువున్నదా లేదా అని."

పద్మశ్రీ తినడం ఆపి తల్లి వైపు చూసింది. మర్నాడు సర్వర్‌లో ఒక ఏర్పాటు చేసింది. రెండింటిలో ఏ కేబుల్ ఊడినా, పని ఆగినా ఆగకపోయినా, తన ఫోన్‌కి మెసేజ్ రావాలి, మళ్ళీ గుచ్చేదాకా వస్తూనే ఉండాలి. ఆ మాట తల్లితో చెప్పలేదు. చెబితే వీధంతా తెలుస్తుంది.

పూజ రోజు మళ్ళీ హాల్ టికెట్ల వారంలోనే పడింది. అందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు. పద్మశ్రీ రాజలింగాన్ని ఒక్కటే అడిగింది.

"ఈ గది మొత్తం అయినంక, లైట్లు వెలిగినంకనే లైబ్రరీ గదికి పో అన్నా. రెండూ ఒక్కసారి పీకకు."

"గంతేనా? పోయినేడు అంత లొల్లి చేసి గిప్పుడు గంతేనా?"

"గంతే."

"కుంకుమ మంచిగ పెట్టనిస్తవా?"

"నీ ఇష్టం."

పోర్టుల లోపల పెట్టనని తనంతట తనే మాటిచ్చాడు.

ఆమెకి అక్కడే నిలబడి చూడాలని ఉంది. కానీ వేదవతి అడిగింది 'మీరు లేకపోతే' అని. తను పక్కన ఉండగా ఆగకపోతే ఆ ప్రశ్నకి జవాబు కాదు. కాబట్టి కొబ్బరికాయ కొట్టకముందే చెప్పులేసుకుని తార్నాక వెళ్ళింది.

చౌరస్తా దగ్గర హోటల్లో టీ తెప్పించుకుని ఫోన్‌లో హాల్ టికెట్ పేజీ తెరిచింది. వచ్చింది. మళ్ళీ తెరిచింది. వచ్చింది. బంతిపూలు బేరం చేసే గొంతులు, బస్సు హారన్లు. ఎదుటి బల్ల మీద ఇద్దరమ్మాయిలు ఒకే సమోసా తింటూ, అదే పేజీ చూస్తున్నారు.

"వస్తలేదే."

"ఆగు, తిరుగుతున్నది."

పద్మశ్రీ ఫోన్‌లోనూ చక్రం తిరుగుతోంది. టీ పక్కకి జరిపింది. ఇప్పుడు రాజలింగం చేతిలో ఎర్ర కేబుల్ ఉండి ఉంటుంది. రెండోది లేవాలి. లేవకపోతే చేయగలిగింది ఏమీ లేదు, క్యాంపస్‌కి తిరిగి నడిచేలోగా లైను తయారవుతుంది. మెసేజ్ వచ్చింది: మొదటి కేబుల్ ఊడింది.

"వచ్చింది. టికెట్ మీద నా ఫోటో జూడు, దొంగ లెక్క పడ్డ."

"నిజంగనే దొంగవే నువ్వు."

పద్మశ్రీ పేజీ కూడా తెరుచుకుంది. ఆమె చల్లారిన టీ తాగి, ఇంకోటి తెప్పించుకుంది. అది వేడిగా ఉండగానే తాగింది. ఆ అమ్మాయిల సమోసా చూసి తనూ ఒకటి తింది. ఈ మధ్యలో ఫోన్‌కి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. మొదటిది తిరిగి వచ్చింది అని ఒకటి, రెండోది ఊడింది అని ఒకటి. పేజీ మాత్రం ఆగలేదు.

తిరిగి వెళ్ళేసరికి సెంటర్‌లో ప్రసాదం పంచుతున్నారు. వేదవతి సర్వర్ గదిలోనే ఉంది, చేతిలో కొబ్బరిముక్క.

"ఎక్కడికెళ్ళారు?"

"టీకి మేడం."

"మీ రాజలింగం మొత్తం పీకేశాడు. నేను ఇక్కడే నిలబడి చూశాను. మా అబ్బాయి హాల్ టికెట్ కూడా అప్పుడే డౌన్‌లోడ్ చేశాను, వచ్చింది." ఆమె కొబ్బరిముక్క నమిలి మింగింది. "ఏమీ ఆగలేదు. మరి మీరెందుకు?"

ఏడాదిగా పద్మశ్రీ ఈ ప్రశ్నకి జవాబులు తయారు చేసుకుంటూనే ఉంది. ఒకటి మొదలుపెట్టబోయింది. ఫోన్‌కి మళ్ళీ మెసేజ్ వచ్చింది, రెండో కేబుల్ ఊడే ఉందని. చూసింది.

"ఒక్క నిమిషం మేడం. లైబ్రరీ గదికి వస్తరా?"

అక్కడ స్విచ్‌కి దండ ఘనంగా వేసి ఉంది. పద్మశ్రీ బంతిపూలు పైకెత్తింది. వాటి కింద ఒక పోర్టు ఖాళీగా ఉంది. పొడుగాటి ఎర్ర కేబుల్ కింద వేలాడుతోంది, దానికీ ఒక పువ్వు చుట్టి ఉంది.

రాజలింగం వెనకాలే వచ్చాడు. "అరే. దండ వేసినంక పెడ్దామనుకున్న. మర్చిన."

"మర్చిపోతే ఏమైందండీ, పని ఆగలేదుగా" అంది వేదవతి.

"ఆగలే మేడం. గిది గిట్లనే వేలాడుకుంట ఉన్నా ఆగది. ఒక్కరికి గూడ తెల్వది. మళ్ళెప్పుడో మొదటి కేబుల్ పోతది, అప్పుడు దీని కోసం చూస్తే ఇది ఉండది." పద్మశ్రీ కేబుల్ గుచ్చింది. టిక్కుమంది. లైటు వెలిగింది. "నేనెందుకంటే గిందుకు."

వేదవతి వంగి ఆ లైటు చూసింది. "పోయినసారి అడిగినప్పుడే ఈ మాట చెప్పాల్సింది."

"అప్పుడు నాకు గూడ తెల్వది మేడం."

"ఇంగో, పువ్వు తీసెయ్యకు చెల్లే" అన్నాడు రాజలింగం. "అది నీ కేబుల్‌కే స్పెషల్‌గ పెట్టిన."

సెలవులు ముగిశాక పొడిగింపు ఉత్తర్వు వచ్చింది, మామూలుగా ఏడాదికి. జీతం పెంచలేదు. పర్మనెంట్ మాట ఎవరూ ఎత్తలేదు. పద్మశ్రీ ఉత్తర్వు ఫోటో తీసి తల్లికి పంపింది. ప్రమీలమ్మ, వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మని జవాబు పెట్టింది. ఆమె తార్నాక మీదుగా వెళ్ళి కొత్తిమీర తీసుకుని, టీ తాగి, ఇంటికి నడిచింది. ఇలా నడిచి వెళ్ళడానికి ఇంకో ఏడాది ఢోకా లేదు. ఆ రోజుకి ఆమెకి కావలసింది అంతే.

అప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం ఆమె లైబ్రరీ గదికి వెళ్ళి మొదటి కేబుల్ పనిని కాసేపు రెండోదానికి ఇచ్చి చూస్తుంది. లేస్తోందని తేలాక మళ్ళీ దాని పని దానికి ఇచ్చేస్తుంది. రాజలింగం ఎదురైతే "సిలిండర్ చూసినవా చెల్లే?" అని అడుగుతాడు. ఆ మాట ప్రమీలమ్మే ఆయనకి చెప్పింది, వారాసిగూడలో ఏదో పెళ్ళిలో కలిసినప్పుడు. ఇప్పుడది సెంటర్ మొత్తానికీ తెలుసు.

కేబుళ్ళ బిల్లు అకౌంట్స్‌కి పంపింది. పొట్టిదానికి డబ్బు వచ్చింది. పొడుగుదాని మీద ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం రాశారు: ఈ కేబుల్ మామూలుగా పనిచేయదని కొన్నవారే రాసి ఇచ్చారు, పనిచేయని వస్తువుకి చెల్లింపు ఎలా చేస్తారు, అని. వేదవతి సంతకం పెట్టి వివరణ పంపింది. ఆడిట్‌వాళ్ళు దాని మీద ఇంకో వివరణ అడిగారు.

ఆ ఆరువందల యాభై రూపాయలు పద్మశ్రీకి ఇంకా రావాలి.